ఖాలా చూపించిన శుక్రుడు

అబుధాబీలో నా ఉద్యోగం పట్టపగలు చుక్కలు చూపించడం. ఎగతాళికి అనడం లేదు. అక్కడొక ప్రైవేటు కమ్యూనిటీ కాలేజీలో ఆడవాళ్ళ విభాగానికి ఖగోళశాస్త్రం తొలి పాఠాలు చెప్పేదాన్ని. ఆ విభాగం పొద్దున మొదలై మధ్యాహ్నానికల్లా ముగిసేది. కాబట్టి నక్షత్రాల గురించి నేను చెప్పిన ప్రతి మాటా కిటికీ అవతల కళ్ళు చెదిరే ఎండ కాస్తుండగా చెప్పిందే. నా శిష్యురాళ్ళు నన్ను నమ్మారంటే అది వాళ్ళ మంచితనం.

ఇప్పుడు రిటైరై నెల్లూరులో కూర్చున్నాను. మా వీధిలో కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు కొందరు, "అక్కడ ఎలా ఉండేదండీ పాఠం చెప్పడం?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం, మీ కోసం, 2004 వేసవి సంగతి చెప్తాను.

నేను చదివింది ఫిజిక్స్. మా ఆయనకి రువైస్ రిఫైనరీలో పని. వారమంతా అక్కడే ఉండి సెలవులకి అబుధాబీ వచ్చేవాడు. పిల్లల బడి కోసం నేను ఊళ్ళోనే ఫ్లాటు తీసుకుని ఉండేదాన్ని. ఫిజిక్స్ పోస్టుకని ఆ కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్తే ప్రిన్సిపాల్ నా కాగితాలు చూసి, "ఫిజిక్స్ అయిపోయింది. ఆస్ట్రానమీ ఉంది. అదీ ఫిజిక్సే కదా మేడం, కాస్త ఎత్తులో ఉంటుందంతే" అన్నాడు. జోర్డాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఆయన. కాలేజీలో అందరూ ఆయన్ని ముదీర్ అనేవాళ్ళం. అక్కడ పైవాడెవరైనా ముదీరే.

మా బిల్డింగులోని తెలుగువాళ్ళకి నేను చెప్పే సబ్జెక్టు సంగతి తెలిశాక ఒక్కొక్కరే జాతకాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. "మీరు ఆ శాస్త్రం చదివారు కదమ్మా, మావాణ్ణి శని ఎప్పుడు వదుల్తాడో కాస్త చూడండి" అంది ఒకావిడ. శని ఎక్కడున్నాడో చూపించగలను గానీ ఎవర్ని వదుల్తాడో చెప్పలేనన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, "అయితే ఇంకా పూర్తిగా చదవలేదన్నమాట" అని వెళ్ళిపోయింది.

ఇక మా క్లాసు. డిప్లొమా కావాలంటే ఏదో ఒక సైన్సు సబ్జెక్టు పాసవ్వాలి. బయాలజీ తీసుకుంటే కప్పల్ని కోయాలి, కెమిస్ట్రీ తీసుకుంటే వాసన భరించాలి. ఆస్ట్రానమీలో ఆ బాధలేమీ లేవు. చంద్రుణ్ణి కోయమని ఎవరూ అడగరు. ఆ ధైర్యంతో వచ్చి చేరినవాళ్ళే సగం మంది. మూడో వారంలో దూరాల లెక్కలు మొదలయ్యేసరికి వాళ్ళ మొహాలు చూడాలి.

ఆ టర్ములో చేరినవాళ్ళలో ఒక తల్లీ కూతుళ్ళున్నారు. ఆ దేశం వాళ్ళే. కూతురికి ఇరవై నిండి ఉండవు. తల్లికి యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడే పెళ్ళయి చదువు ఆగిపోయిందట. పిల్లలందరూ పెద్దవాళ్ళయ్యాక, ఆఖరి కూతురితో పాటు తనూ కాలేజీలో చేరింది. క్లాసులో అందరూ ఆవిణ్ణి ఖాలా అనేవాళ్ళు. మన హైదరాబాదు ఉర్దూలోనూ ఖాలా అంటే పిన్నమ్మే కాబట్టి నాకూ నోటికి సులువుగా అలవాటైపోయింది.

ఖాలా మొదటి బెంచీలో కూర్చునేది. చేతిలో పుస్తకాలతో పాటు ఒక ఫ్లాస్కూ, ఖర్జూరం డబ్బా, చిన్న చిన్న కప్పులూ ఉండేవి. అక్కడి వాళ్ళు తాగే గాహ్వా, అంటే యాలకులేసిన కాఫీ, ఆ ఫ్లాస్కులో ఉండేది. పాఠం మధ్యలో నా గొంతు ఆరినట్టు అనిపిస్తే చాలు, లేచి కప్పు అందించేది. నేను వద్దన్నా వినదు. "తాగు అబ్లా, శని ఎక్కడికీ పోడు" అనేది. అబ్లా అంటే టీచరమ్మ.

కూతురు ఆఖరి బెంచీలో, ఎంత వీలైతే అంత మూలగా కూర్చునేది. తల్లి చెయ్యెత్తినప్పుడల్లా ఆ పిల్ల తల బల్ల మీదికి వాలిపోయేది. ఖాలా ఏమో మాటిమాటికీ చెయ్యెత్తేది. "అబ్లా, ఈ బృహస్పతికి అన్ని చంద్రుళ్ళు ఎందుకు? మనకి ఒక్కడితో సరిపోవడం లేదూ?" క్లాసంతా నవ్వేది. ఆ పిల్ల మాత్రం ఆవిడెవరో తనకి తెలియనట్టు కిటికీలోంచి చూసేది.

మా ఇద్దరి మధ్యా నడిచిన భాషకి పేరు లేదు. కొంచెం ఇంగ్లీషు, కొంచెం అరబిక్, మిగిలిందంతా హిందీ. హిందీ సినిమాలు చూసీ చూసీ ఆవిడకి నాకంటే బాగా వచ్చేది. నా క్రియాపదాలు ఆవిడే సరిదిద్దేది.

మిడ్‌టర్మ్ పరీక్ష పెట్టాను. చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడెందుకు అన్న ప్రశ్నకి ఖాలా రాసిన జవాబు ఒకే ఒక్క మాట: సిగ్గు.

పేపరు దిద్దుతూ నేను ఎంతసేపు నవ్వానో చెప్పలేను. కానీ మార్కెలా ఇవ్వను? లెక్కలున్న చోట్లన్నీ ఖాళీ. తప్పింది.

ఆ మర్నాడు మా ఆఫీసు సూపరింటెండెంటు నా గదికొచ్చాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి. కాలేజీలో తలుపు తాళం నుంచి ముదీర్ మూడ్ దాకా ఆయన చేతిలోనే ఉండేవి.

"మేడం, ఖాలా సంగతి మీకు ఎరికేనా? పోయిన్సారి గూడ సైన్సుల ఫెయిలైంది. అప్పుడు బయాలజీ. ఈసారి పోతే రూలు ప్రకారం పేరు తీసేస్తరు. ఖలాస్."

"మరి ఆవిడకి తెలుసా ఆ సంగతి?"

"తెలుసు. అందుకే గద ఆ పిల్ల గూడ పరేషాన్. ఇంట్ల అన్నలు నవ్వుతున్నరంట, అమ్మకు ఈ వయసుల ఇదేం షౌకని."

అది విన్నాక నాకు 'సిగ్గు' అన్న జవాబు అంత నవ్వులాటగా అనిపించలేదు.

ఖాలాని పిలిచి, రోజూ క్లాసయ్యాక కాసేపు ఉండమన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "అబ్లా, నాకు తెలుసు, కానీ రాయడానికి రాదు. నోటితో అడుగు, చెప్తాను" అని బేరం పెట్టింది. నోటి మాటకి ఇన్ని మార్కులు, రాతకి ఇన్ని అని కాలేజీ ముందే పెట్టిన వాటాలు చూపించాను. బేరం కుదరదని అర్థమయ్యాక ఫ్లాస్కు మూత బిగించి, "సరే, చెప్పు" అంది.

అలా మొదలైంది. నేను బోర్డు మీద సున్నాలు పెడుతుంటే ఆవిడ విసుక్కునేది. "ఇన్ని సున్నాలెందుకు? దూరం అని రాస్తే సరిపోదా?" సున్నాలకి అర్థం ఉందని ఒప్పించడానికి ఖర్జూరాల డబ్బా ఖాళీ అయ్యేది. ఒక ఖర్జూరం భూమి, ఒక గింజ చంద్రుడు, నడవా చివర తలుపు దగ్గర ఇంకో గ్రహం. మేమిద్దరం నడవాలో గింజలు పెట్టుకుంటూ తిరుగుతుంటే, ఊడ్చేవాళ్ళు ఎత్తేసి పారేశారని ఒకరోజు ఆవిడ వాళ్ళతో పెద్ద రగడ పెట్టుకుంది. "అది అంగారకుడు! నువ్వు అంగారకుణ్ణి చెత్తబుట్టలో పడేశావు!"

ఇంతలో శుక్రుడి సంగతి వచ్చింది. ఆ జూన్‌లో శుక్రగ్రహం సూర్యుడికీ మనకీ నడుమగా దాటబోతోంది. సూర్యబింబం మీద ఒక నల్లచుక్కలా నడిచి వెళ్తుంది. అప్పటికి బతికున్నవాళ్ళెవరూ అంతకు ముందు దాన్ని చూసి ఉండరు. పైగా పగటి పూటే. చుక్కలు లేని చుక్కల టీచరుకి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ మాట ముదీర్ చెవిన వేశాను. అదే నేను చేసిన పొరపాటు. మా క్లాసు పిల్లలతో చిన్నగా చేసుకుందామని నా ఉద్దేశం. ముదీర్ మాత్రం కళ్ళు మూసుకుని ఒక్క క్షణంలో తివాచీలూ, బ్యానర్లూ, పత్రికలవాళ్ళూ, ముఖ్య అతిథీ అన్నీ చూసేశాడు. విద్యకి సంబంధించిన ఒక పెద్ద ఆఫీసులో పెద్దాయన్ని పిలిచాడు. ఆయన వస్తాననేశాడు.

బ్యానరు ఊరవతల ముసఫ్ఫా పారిశ్రామికవాడలో ప్రింటు చేయించారు. ఐకాడ్ ఫ్యాక్టరీల వైపు పోయే దారిలో, మా సూపరింటెండెంటుకి తెలిసిన దుకాణం. తెచ్చి విప్పి చూస్తే వీనస్‌కి బదులు వెనిస్ అని ఉంది.

"రెండక్షరాలే గద మేడం. కాగితం అతికిస్తం" అన్నాడాయన, ఏమీ జరగనట్టు. అతికించారు గానీ గాలికి ఊడుతూనే ఉండేది. కార్యక్రమం రోజు వచ్చిన ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "ఇటలీ వాళ్ళు ఎన్నింటికి వస్తున్నారు?" అని మర్యాదగా అడిగాడు కూడా.

పనులు పంచేటప్పుడు చిక్కొచ్చింది. వచ్చినవాళ్ళకి విషయం వివరించి చెప్పడానికి మార్కులున్నాయి. నోటి మార్కులంటే అవే. ముదీర్ నేను రాసిచ్చిన పేర్లు చూసి ఖాలా పేరు కొట్టేశాడు. ఆవిణ్ణి స్వాగతం దగ్గర, గాహ్వా పోయడానికి పెట్టాడు. పెద్దావిడ, మర్యాదగా ఉంటుంది అని ఆయన లెక్క. మిడ్‌టర్మ్‌లో ఆవిడ రాసిన జవాబు సంగతి ఆయన దాకా వెళ్ళిందని నా అనుమానం.

ఖాలా ఆ మాట విని నా గదికొచ్చింది. ఆ రోజు చేతిలో ఫ్లాస్కు లేదు.

"అబ్లా, పెళ్ళయినప్పట్నుంచి నేను గాహ్వా పోస్తూనే ఉన్నాను. దానికి కాలేజీ ఎందుకు? ఇంట్లోనే ఉండేదాన్ని కదా."

నాకూ భయంగానే ఉంది. అంతమంది ముందు, అంత పెద్దాయన ముందు ఆవిడ ఏ 'సిగ్గు' లాంటి జవాబో చెప్తే ఇంట్లో ఆవిడ కొడుకులకి ఇంకో నవ్వు దొరుకుతుంది. అయినా ముదీర్ దగ్గరికి వెళ్ళాను.

"ఆవిడకి మార్కులు రావాల్సింది అక్కడే. టెలిస్కోపు దగ్గర ఉంటుంది" అన్నాను.

"ఏదైనా తేడా వస్తే?"

"నా క్లాసు, నా బాధ్యత."

"యాని, అంటే, మీ ఇష్టం" అన్నాడాయన. నా ఇష్టం అనే మాటలో ఆయన ఇష్టం కొంచెం కూడా లేదు.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే లేచి చూద్దును కదా, ఆకాశమంతా దుమ్ము. సూర్యుడు అరిగిపోయిన నాణెంలా ఉన్నాడు. శుక్రుడు సూర్యుడి అంచు తాకే ఘట్టం మాకు దుమ్ములోనే కలిసిపోయింది. ముదీర్ నా వంక చూసిన చూపు, నేనే రాత్రి కూర్చుని ఆ ఇసుక చల్లానన్నట్టుంది. నడిపొద్దు దగ్గర పడుతుండగా గాలి సర్దుకుంది. దుమ్ము పలచబడి ఎండ తెల్లగా దిగింది.

కాలేజీ ముంగిట్లో పందిరి వేసి తివాచీలు పరిచారు. పందిరికి నడుమ ఒక చోట గుడ్డ తీయించి టెలిస్కోపు పెట్టాం. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు పోతాయి కాబట్టి, టెలిస్కోపు వెనక నుంచి వచ్చే వెలుగుని తెల్లకాగితం మీద పడేలా చేసి ఆ కాగితం మీది బొమ్మని చూడాలి. అయితే జూన్‌లో అబుధాబీలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. టెలిస్కోపు మూతి ఆకాశంలోకి, తోక నేల మీదికి. కాగితం తివాచీ మీద పెట్టాల్సొచ్చింది. చూడాలంటే ఎంతటివాళ్ళయినా కింద కూర్చోవాలి.

ఖాలాకి అది ఇబ్బందే కాదు. ఇంటికొచ్చినవాళ్ళతో మజ్లిస్‌లో కూర్చున్నట్టు హాయిగా కాలు మడుచుకుని కాగితం పక్కన కూర్చుంది. కూతురు పని సూర్యుడు జరిగిపోతున్నకొద్దీ టెలిస్కోపుని కొద్దికొద్దిగా తిప్పడం. తల్లి పక్కన నిలబడక తప్పలేదు. ఆ పిల్ల మొహం చూస్తే, శుక్రుడి బదులు తను సూర్యుడిలో పడిపోతే బాగుండునన్నట్టుంది.

ముఖ్య అతిథి వచ్చాడు. కడిగిన ముత్యంలాంటి తెల్లటి కందూరా, అదే అక్కడి మగవాళ్ళ పొడుగు అంగీ, వెనక నలుగురైదుగురు, ఫొటోలవాడు. ముదీర్ ఆయన్ని నడిపించుకొచ్చి కాగితం చూపించాడు. పళ్ళెమంత వెలుగు బింబం, దాని మీద మిరియపు గింజంత నల్లచుక్క.

ఆయన నిలబడే చూశాడు. కాస్త వంగాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"హాదా? బస్?"

ఇదేనా, ఇంతేనా అని. ఫొటోలవాడు కెమెరా దించేశాడు. ముదీర్ నా వైపు చూశాడు, శుక్రుణ్ణి అంత చిన్నగా చేసింది నేనేనన్నట్టు. నేను నోరు తెరవబోయాను. నాకన్నా ముందే కింద నుంచి ఖాలా గొంతు వినిపించింది.

"కూర్చో నాయనా. నిలబడి చూస్తే అలాగే ఉంటుంది."

ఆవిడ అరబిక్‌లో అన్న ఆ మాట నాకు బాగానే అర్థమైంది. అతిథి తేరిపారా చూసి, మగవాళ్ళ ముందని వేసుకున్న ముసుగు వెనక గొంతు గుర్తుపట్టి, "అమ్మా, మీరా!" అన్నాడు. వాళ్ళిళ్ళు ఒకప్పుడు పక్కపక్కనేనట.

"నేనే. చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నె దొంగిలించి పరిగెత్తిన కాళ్ళు, ఇప్పుడు కూర్చోవడానికి బద్ధకిస్తున్నాయా?"

వెనకవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి దగ్గుతున్నారు. ఆయన తెల్లటి కందూరా సర్దుకుని తివాచీ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ముదీర్ నిలబడి ఉండలేడు కదా. ఆయనా కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని.

ఖాలా చుక్క మీద వేలు పెట్టింది. "ఇది దాదాపు మన భూమంత. ఈ చుక్కలో అబుధాబీ, దుబాయ్, సముద్రం, నీ ఆఫీసు, నువ్వు కూర్చునే కుర్చీ, అన్నీ పడతాయి. ఇప్పుడు చెప్పు, చిన్నదా?"

ఆయన ముందుకి వంగాడు.

"ఇంకో సంగతి" అంది. అటుగా గాహ్వా పోస్తూ పోతున్న వాళ్ళ దగ్గర ఒక ఖాళీ కప్పు తీసుకుని ఆయన చేతికిచ్చింది. "ఒక కన్ను మూసి, దీన్ని రెండో కంటి దగ్గర పెట్టుకో. ఆ ఎదురు బిల్డింగు కనబడుతోందా?"

"లేదు."

"చెయ్యి చాపి పట్టుకో."

"అంచులు కనబడుతున్నాయి."

"చూశావా. దగ్గరుంటే పెద్దది, దూరమైతే చిన్నది. ఈ శుక్రుడు మనకి దగ్గర, సూర్యుడు దూరం. దగ్గరున్నదే ఇంత చిన్నగా కనబడుతోందంటే, వెళ్ళి సూర్యుడి పక్కన నిలబడితే ఇంకెంత చిన్నదైపోవాలి? మరి ఆ సూర్యుడు ఎంత?"

ఆ ఆఖరి ప్రశ్న నేను క్లాసులో అడిగినప్పుడు ఒక్కరూ నోరు విప్పలేదు. నేను వాడింది నాణెం. కప్పు ఆలోచన పూర్తిగా ఆవిడదే.

ఆయన కప్పు అలాగే పట్టుకుని ఒక కన్ను మూసి బిల్డింగునీ, ఆకాశాన్నీ, చివరికి ముదీర్‌నీ కూడా దాని వెనక దాచి చూశాడు. ఫొటోలవాడు అప్పుడు కెమెరా ఎత్తాడు. తర్వాత వెనకున్నవాళ్ళంతా ఒక్కొక్కరే చెప్పులు విడిచి తివాచీ మీదికి వచ్చారు. కాగితం చుట్టూ నిజంగానే మజ్లిస్ అయింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఖాలా కప్పు చేతికిచ్చి ఒక కన్ను మూయించింది.

అతిథి వెంట వచ్చిన ఒకావిడ టెలిస్కోపు తిప్పుతున్న పిల్లని మెల్లగా అడిగింది. "ఈ ప్రొఫెసరుగారు ఏ దేశంలో చదివారు?"

ఆ పిల్ల కాగితం పక్కనున్న తల్లి వైపు చూసింది. నేను పక్కనే ఉన్నాను, కావాలనే దూరంగా చూస్తున్నాను.

"మా అమ్మ" అంది. "మేమిద్దరం ఒకే క్లాసు" అని కలిపింది. ఆ మాటలు చెప్తూ టెలిస్కోపు తిప్పడం మరిచిపోయింది. సూర్యుడు కాగితం మీంచి జారిపోయాడు. కింద నుంచి ఖాలా కేకేసింది, "అమ్మాయ్, సూర్యుడేడీ?" అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. తల్లి మాటకి ఆ పిల్ల నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

అతిథి అనుకున్నదానికన్నా చాలాసేపు ఉన్నాడు. వెళ్ళేముందు ముదీర్ భుజం తట్టి మంచి కార్యక్రమం అన్నాడు. ఆ మర్నాటి నుంచి ముదీర్ ఆ మాట నడవాలో ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పాడు. ఖాలాని టెలిస్కోపు దగ్గర కూర్చోబెట్టాలన్నది కూడా తన ఆలోచనే అన్నట్టు చెప్పాడు. నేను ఊరుకున్నాను. ముదీర్లకి కూడా అప్పుడప్పుడూ సంతోషం కావాలి.

అయినా రాత పరీక్ష మిగిలే ఉంది. ఆ విషయంలో పాత పరిచయాలూ కప్పులూ పనికిరావు. పరీక్ష రోజు ఖాలా అందరికన్నా ఆఖర్న లేచింది. పేపరు నేను దిద్ది, జాలితో ఎక్కడైనా ఎక్కువ వేశానేమోనని పక్క సెక్షన్‌కి చెప్పే సుడాన్ లెక్చరరుకి ఇచ్చి మళ్ళీ దిద్దించాను. ఆయన లెక్కా నా లెక్కా ఒకటే. పాసయింది. గొప్ప మార్కులేం కాదు. కానీ ఎక్కడా ఖాళీ వదల్లేదు.

పేపర్లు చూపించే రోజు ఖాలా కూతురితో కలిసి నా గదికొచ్చింది. సంతోషంతో నన్ను కౌగిలించుకుంటుందేమో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అని నేను కూడా కాస్త సిద్ధమై కూర్చున్నాను. ఆవిడ పేపరు బల్ల మీద పరిచి ఒక చోట వేలు పెట్టింది.

"ఇక్కడ అర మార్కు ఎందుకు కోశావు?"

వెలుతురు భూమి నుంచి చంద్రుడి దాకా వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందన్నది ప్రశ్న. అంకె సరిగ్గానే వేసింది. పక్కన సెకన్లు అని రాయలేదు.

"ఏమిటో రాయలేదు కదా ఖాలా. సెకన్లో, గంటలో నాకెలా తెలుస్తుంది?"

"గంటలా?" ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "అబ్లా, చంద్రుడు మన ముంగిట్లోనే ఉన్నాడు! వెలుతురుకి గంటలెందుకు పడతాయి? ఆ మాత్రం నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నువ్వు రాయాలి."

"తెలిసినదాన్ని రాయడమెందుకు?"

"అమ్మా, యల్లా, పద, పాసయ్యావు కదా, ఖలాస్" అని కూతురు చెయ్యి పట్టి లాగుతోంది.

"ఖలాస్ కాదు. నువ్వుండు."

పాసైన సంగతి ఆవిడకి గుర్తే లేదు. ఆ అరమార్కు వల్ల పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అయినా చాలాసేపు పోట్లాడింది, హిందీలో మొదలుపెట్టి అరబిక్‌లోకి వెళ్ళి మళ్ళీ హిందీలోకి వచ్చి. కూతురు కూడా కాసేపటికి లాగడం మానేసి, పేపరు చూసి, "అబ్లా, ఆమె చెప్పింది నిజమే, అంకె చూస్తే తెలిసిపోతోందిగా" అని అటు చేరిపోయింది.

కొత్తగా పంతుళ్ళయిన మీకు ఈ అరమార్కు గొడవలు తలనొప్పిగా ఉంటాయని తెలుసు. నాకూ ఉండేవి. ఆ రోజు మాత్రం వాళ్ళిద్దరూ బల్లకి అటువైపు నిలబడి నామీదికి ఎగురుతుంటే, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అరమార్కు ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా.

చివరికి ఖాలా పేపరు మడిచి తలుపు దాకా వెళ్ళింది. నాకు అరబిక్ అంతగా రాదని ఆవిడ నమ్మకం. అందుకే గొంతు తగ్గించకుండానే కూతురితో అంది:

"ఈవిడ మొండిది. వచ్చే టర్ములో కూడా ఈవిడ చెప్పేదే తీసుకుందాం."